తొంభై డిగ్రీల దెబ్బ

పొద్దున షట్టరు ఎత్తగానే పెద్దక్క చేసే మొదటి పని మొద్దు కడగడం. వేడినీళ్లు పోసి, కత్తి వీపుతో గీకి, నిన్నటి ఎముక పొడి దులిపి, ఉప్పు రుద్ది, మళ్లీ నీళ్లు పోస్తుంది. రెండో పని కత్తులు నూరడం. మూడో పని ఎదురు దుకాణంవైపు చూసి ఉమ్మడం. ఇరవై రెండేళ్లుగా ఈ వరస తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు. వాన రోజుల్లో ఉమ్మితే సరిగ్గా కనపడదని రెండుసార్లు ఉమ్మేది.

ఎదురు దుకాణం ఆమె సొంత తమ్ముడిది. అతనిదీ మాంసం దుకాణమే. మధ్యన సందు ఆరడుగులు. ఇటు కత్తి పడితే అటు వినపడుతుంది, అటు పడితే ఇటు. ఇద్దరూ ఒకేసారి ఎముకలు నరకడం మొదలుపెడితే కొనడానికి వచ్చిన ఆడవాళ్లు చంటిపిల్లల చెవులు మూసేవాళ్లు. అవి మేక ఎముకలే కానీ, అక్క మనసులో తమ్ముడి ఎముకలు. ఈ సంగతి సందులో అందరికీ తెలుసు, తమ్ముడికి ఇంకా బాగా తెలుసు.

పెద్దక్కకి అరవై నాలుగు. చేతిలో బలం ఇసుమంతైనా తగ్గలేదు. తొడ ఎముక ఒక్క వేటుకి తెగాలి. రెండో వేటు వేయాల్సి వస్తే ఆ ముక్క కొనేవాళ్లకి ఇవ్వదు, కుక్కకి విసిరేస్తుంది. "రెండు వేట్ల సరుకు కావాలంటే అటు వెళ్లండి" అని గడ్డంతో ఎదురుగా చూపిస్తుంది. పాడైంది మోకాలే. కుడి మోకాలు. రోజంతా ఎడమ కాలి మీదే బరువు వేసి, కుడి కాలిని కర్రలా పక్కకి చాపి నిలబడి నరుకుతుంది. మెట్లు దిగేటప్పుడు ఆ కీలు ఎండుపుల్లలు విరిచినట్టు చప్పుడు చేస్తుంది.

ఆ మోకాలి కథ చెప్పాలంటే మొద్దు కథ చెప్పాలి. అది వాళ్ల నాన్న వాడిన మొద్దు. ముసలాయన పోయిన నెలకి ఒక రాత్రి తమ్ముడు వచ్చి అడిగాడు. మగపిల్లాణ్ని, నాకు రావాలి అన్నాడు. పెద్దదాన్ని, నాన్న చేయి పట్టి నరకడం నేర్పింది నాకు, నేనివ్వను అంది ఆమె. మాట మాట పెరిగింది. అతను మొద్దుని అంచు పట్టి దొర్లించబోయాడు. ఆమె అతని జుట్టు పట్టుకుంది. ఎవరి కాలో తగిలి షట్టరు సగానికి జారింది, అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో ముగ్గురు: అక్క, తమ్ముడు, ఆమె పదహారేళ్ల కొడుకు. కొరుక్కున్నారు, గుద్దుకున్నారు, కత్తులు కింద పడ్డాయి. షట్టరు లాగే ఇనుప కడ్డీ గాలిలో ఉయ్యిమంది. పెద్దక్క మోకాలు పగిలింది.

కరెంటు వచ్చేసరికి కడ్డీ తమ్ముడి చేతిలో ఉంది.

"నువ్వేనా?" అందామె నేల మీద నుంచి.

"నేనే" అన్నాడు.

అదే వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాట.

ఈ ఏడాది ఆ కీలు బొత్తిగా బిగుసుకుపోయింది. డాక్టరు ఎక్సరే దీపానికి అడ్డం పెట్టి చూపించాడు. లోపల గుజ్జు అరిగిపోయిందట, ఎముకకి ఎముక రాసుకుంటోందట. "ముందు మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించుకోండి. మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. వంగిందా, నిలబడి పని చేసుకోవచ్చు. వంగలేదా, ఏడాది తిరిగేసరికి మంచం" అన్నాడు. మంచం అనే మాట వినగానే పెద్దక్క అక్కడే డాక్టరుని నాలుగు తిట్టి, అక్కడి నుంచి నేరుగా ఫిజియో గదికి వెళ్లింది.

ఆ గదిలో మూడు మంచాలు, ఒక సైకిలు, రెండు చెక్క మెట్లు. వేడి కాపడం సంచులు మరిగే తొట్టి ఒక మూల. ఎదురు గోడకి కింద నుంచి పైదాకా పాత పరుపులు మేకులతో దిగ్గొట్టి ఉన్నాయి. కొన్ని చిరిగి దూది వేలాడుతోంది. ఒకచోట పరుపుతో సహా ఇటుకలు లోపలికి పోయి, అవతలి గదిలో బల్ల కాలు కనపడుతోంది.

ఫిజియో పిల్లకి ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా ఉంటుంది కానీ మణికట్లు కమ్మరివాళ్ల మణికట్లలా ఉంటాయి. పెద్దక్క కాలిని ఒళ్లో పెట్టుకుని, మోకాలి చిప్పని రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ జరిపి చూసి అడిగింది.

"ఇందులో ఎవరెవరున్నారు పెద్దమ్మా? ముందే చెబితే నాకు సుఖం. కిటికీ అద్దాలు తీయించుకుంటాను."

మోకాళ్ల సంగతి అంతే కదా. కీలు తిన్న దెబ్బని కీలు వదలదు, లోపల దాచుకుంటుంది. బిగుసుకున్నది వంగే కొద్దీ దాచుకున్నవి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. కొట్టినవాళ్లు గదిలో ఉంటే తిన్నగా వాళ్లకే వెళ్లి తగులుతుంది, లేకపోతే గోడకి. నిన్న మొన్నటిదైతే దుమ్ము లేస్తుంది, అంతే. ఏళ్ల తరబడి నానినదైతే ఏడాదికేడాది బరువెక్కి వస్తుంది. పోయిన సంవత్సరం పన్నెండేళ్లనాటి దెబ్బ ఒకటి, కొట్టిన పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని ఉండగా వచ్చింది. ఆయన నడుము విరిగి ఇప్పటికీ పక్క మీదే ఉన్నాడు.

"ఒక ఎద్దు ఉంది" అంది పెద్దక్క. "మార్కెట్టు గొడవలో తిన్న లాఠీ ఒకటి ఉంది. తర్వాత నా తమ్ముడున్నాడు."

"తమ్ముడిది ఎన్నాళ్లది?"

"ఇరవై రెండేళ్లది."

ఫిజియో పిల్ల చేతులు ఆగాయి. "అది మనిషిని చంపుతుంది పెద్దమ్మా."

"చంపనీ."

"గోడకి ఇచ్చేద్దాం. మీ కాలు మీకు వస్తుంది, ఆయన ప్రాణం ఆయనకి ఉంటుంది."

"గోడ నన్ను కొట్టిందా?" అంది పెద్దక్క. "కొట్టినవాడికి ఇవ్వాలి. ఒక తూకానికి రెండు రాళ్లు నేను వాడను."

పక్క మంచం మీద రెండు మోకాళ్లకీ కరెంటు తీగలు అంటించుకుని పడుకున్న డ్రిల్లు మాస్టారు కిసుక్కున నవ్వాడు. ముప్పై ఐదేళ్లు బడి పిల్లల్ని ఎండలో పరిగెత్తించి రిటైరైన మనిషి. "అమ్మా, చంపే రోజు కాస్త ముందుగా చెప్పండి. ఆ రోజు నేను మంచం మార్చుకుంటాను" అన్నాడు.

"మీరెవరి చేతిలో తిన్నారు?"

"నేను తినలేదమ్మా, పెట్టాను. నాది ఊరికే అరుగుదల. కానీ బయట ఎవరెవరి మోకాళ్లలో నేనున్నానో తలుచుకుంటే బస్సెక్కాలంటే భయం."

రోజు విడిచి రోజు వైద్యం. ముందు పావుగంట వేడి కాపడం. తర్వాత కరెంటు, చీమలు పాకినట్టు. తర్వాత మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని నేలకేసి అదిమి పట్టి పది అంకెలు లెక్కపెట్టాలి. కాలిని నిటారుగా జానెడు ఎత్తు లేపి ఆపాలి. కుర్చీలోంచి చేయి ఆనించకుండా లేవాలి, కూర్చోవాలి. ఆఖరున ఫిజియో పిల్ల మడమ పట్టుకుని మెల్లగా వంచుతూ పోతుంది. ఎంత వంగిందో కోణం స్కేలు పెట్టి కొలిచి గోడ మీద చీటీలో రాస్తుంది.

ప్రతిసారీ తీసుకొచ్చేది కొడుకే. మాంసం దింపే వ్యానులో ముందు సీటులో కూర్చోబెట్టి తెస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లవాడు. పెళ్లి చేసుకోలేదు. తల్లి చెప్పులు తనే తొడుగుతాడు, తనే విప్పుతాడు. ఫిజియో గది గుమ్మం దాకా చేయి పట్టి నడిపిస్తాడు, లోపలికి మాత్రం అడుగు పెట్టడు. వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. "మందుల వాసన పడదు" అంటాడు. పచ్చిమాంసం మధ్య పుట్టి పెరిగినవాడికి మందు వాసన పడకపోవడమేమిటని పెద్దక్క ఒకసారి వెక్కిరించింది. అతను వంగి ఆమె చెప్పులు విప్పాడు.

అరవై డిగ్రీల దగ్గర ఎద్దు వచ్చింది. కాలు ఒక్కసారిగా చాచుకుని ఫిజియో పిల్ల చేతిలోంచి జారింది. కంటికేమీ కనపడలేదు కానీ, గోడ మీద పరుపు ధబ్బుమని మూరెడు లోతున కుంగింది. పైకప్పు పెచ్చు ఊడి డ్రిల్లు మాస్టారి పొట్ట మీద పడింది. డెబ్బై ఐదు దగ్గర లాఠీ వచ్చింది. అది అడ్డంగా వచ్చి రెండు పరుపుల్ని చీల్చింది. గదంతా దూది. మాస్టారు పదకొండుసార్లు తుమ్మాడు. ఫిజియో పిల్ల చీపురు తెచ్చి ఊడ్చుకుని, "డెబ్బై ఆరు" అని చీటీలో రాసింది.

"ఇక మీ తమ్ముడొక్కడే మిగిలాడు పెద్దమ్మా. సరిగ్గా తొంభై దగ్గర కూర్చున్నాడు. వేలితో తడిమితే తెలుస్తోంది, గుండ్రాయిలా ఉంది. ఇంట్లో కిలో ఇసుక సంచి కట్టుకునే కాలు లేపండి. ఎక్కువ వద్దు. నెల పడుతుంది."

నెల అనే మాట పెద్దక్కకి నచ్చలేదు. ఇంటికి వెళ్లి ఇసుక సంచి అవతల పారేసి, దుకాణంలోని ఐదు కిలోల తూకం రాయి తాడుతో చీలమండకి కట్టుకుంది. పొద్దున వంద, సాయంత్రం వంద. తాడు చర్మాన్ని కోసి రక్తం కారింది. పసుపు వేయమని కొడుకు బతిమాలితే చేయి విదిలించింది. తెగిన చోటనే మళ్లీ కట్టింది. ప్రతి లేపుకీ తమ్ముడి శరీరంలో ఒక భాగం పేరు పలికింది: ఇది పక్కటెముక, ఇది దవడ, ఇది వెన్ను. తెలియని భాగాలు కావు. ఎక్కడ ఎంత బలంగా వేస్తే తెగుతుందో నలభై ఏళ్ల అనుభవం.

పది రోజులకే ఎనభై నాలుగు వచ్చింది. ఫిజియో పిల్ల కంగారు పడింది. "ఏం చేశారు పెద్దమ్మా? ఇది తోసుకొచ్చేసింది. ఇక ఆపినా ఆగదు. ఈ శుక్రవారం దాటితే వంటింట్లో వస్తుందో, వ్యానులో వస్తుందో చెప్పలేను."

"శుక్రవారమే ఇద్దాం" అంది పెద్దక్క, పెళ్లి ముహూర్తం ఖాయం చేసినట్టు.

ఆ సాయంత్రం కొడుకుని పిలిచింది. "మీ మావయ్యకి చెప్పిరా. శుక్రవారం పదకొండు గంటలకి. మగాడైతే వచ్చి స్టూలు మీద కూర్చోమను."

కొడుకు ముఖం పాలిపోయింది. "గోడకి ఇచ్చెయ్యమ్మా."

"నువ్వూ గోడ పక్షమేనా?"

"చచ్చిపోతాడమ్మా."

"నీ తల్లి కాలు పోయినప్పుడు నీకు ఈ బెంగ లేదేం?"

అతను సందు దాటి ఎదురు దుకాణంలోకి వెళ్లాడు. మావయ్య, మేనల్లుడు చాలాసేపు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకోవడం పెద్దక్క చూసింది. అల్లుడు తల అడ్డంగా ఊపుతున్నాడు, మావయ్య అతని భుజం పట్టి కుదుపుతున్నాడు. భయపడ్డాడు వెధవ, అనుకుందామె. కానీ కొడుకు తిరిగొచ్చి ఒక్క మాటే చెప్పాడు: "వస్తానన్నాడు."

శుక్రవారం తమ్ముడు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, దువ్విన జుట్టు తడిగా ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. వరండాలో అల్లుడి వైపు వేలు చూపించి "కదిలావంటే చంపేస్తా" అని గొంతు తగ్గించి అని, లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు లేచి మంచం కిందికి దూరబోయాడు, మోకాళ్లు సహకరించక సగంలో ఆగిపోయాడు.

పెద్దక్క తమ్ముడి ముఖం చూడలేదు. "పిల్లా, ఆ మనిషిని స్టూలు ఇంకొంచెం ముందుకి జరుపుకోమను. దూరంగా కూర్చుంటే దెబ్బ పక్కకి జారుతుంది."

"ఇంత చాలా అని అడగమ్మా" అన్నాడు తమ్ముడు.

"ఇంకో జానెడు."

అతను ఇంకో జానెడు జరిగాడు. పాదానికీ అతని ఛాతీకీ మధ్య రెండు మూరలు. ఫిజియో పిల్ల ఇద్దరినీ చూసి, మడమ పట్టుకుని వంచడం మొదలుపెట్టింది. ఫిజియోవాళ్ల పని వంచడం. ఎవరొచ్చి ఎదురుగా కూర్చుంటారో వాళ్లు అడగరు.

ఎనభై ఐదు. ఎనభై ఆరు. కీలు లోపల రాయి మీద రాయి నూరుతున్నట్టుంది. పెద్దక్క మంచం ఇనుప చట్రాన్ని పట్టుకుంటే అది వంగింది. కరెంటు పెట్టే యంత్రం దానంతటదే మోగడం మొదలుపెట్టింది. కాపడం తొట్టిలో నీళ్లు అంచు మీదికి ఎగిరిపడుతున్నాయి.

ఎనభై ఏడు.

"ఇదేంటి?" అంది ఫిజియో పిల్ల.

పాదం బొటనవేలు స్టూలు వైపు చూడటం లేదు. మెల్లగా, గడియారం ముల్లు జరిగినట్టు, పక్కకి తిరుగుతోంది.

"దెబ్బ వచ్చే ముందు వేలు మనిషిని చూపిస్తుంది పెద్దమ్మా. ఇది ఈయన వైపు చూడట్లేదు."

"కీలు పట్టేసింది. తిప్పు!" అని పెద్దక్క తనే వంగి పాదాన్ని రెండు చేతులా పట్టి తమ్ముడి వైపు మెలిపెట్టింది. వదిలీ వదలగానే అది మళ్లీ గుమ్మం వైపు తిరిగింది.

తమ్ముడు స్టూలు ఎత్తుకుని వేలికి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. వేలు అతన్ని తప్పించుకుని అతని చంక పక్క నుంచి చూసింది. అతను ఇటు జరిగితే అది అటు తిరిగింది. "నేనే కొట్టాను! ఇటు చూడు!" అని కాలి మీద అరిచాడు. ముక్కు మీద చెమటలు కారుతున్నాయి. "కడ్డీ నా చేతిలోనే ఉంది, అక్క కళ్లారా చూసింది! ఇటు చూడవే!"

"ఏంటయ్యా, కాలి వేలితో తగాదా" అన్నాడు డ్రిల్లు మాస్టారు మంచం కింద నుంచి.

గుమ్మంలో కొడుకు నిలబడి ఉన్నాడు.

"రావద్దన్నానా!" తమ్ముడు లేచి అతని గుండెల మీద రెండు చేతులతో నెట్టాడు. కొడుకు ఆ చేతుల్ని పక్కకి తీసి లోపలికి వచ్చాడు. తలుపు మూసి గడియ పెట్టాడు. ఇరవై రెండేళ్లలో పెద్దక్క అతని నడకలో తొందర చూడలేదు, అప్పుడూ లేదు. స్టూలు సరిచేసి కూర్చున్నాడు. వేలు అతని వైపే ఉంది. తిరగడం మానేసి నిలబడింది.

"మావయ్య కాదమ్మా" అన్నాడు. "నేను. చీకట్లో మావయ్య అనుకుని తిప్పాను. నువ్వు మధ్యలోకి వచ్చావు. కరెంటు వచ్చేలోపు మావయ్య నా చేతిలోంచి లాక్కున్నాడు."

పెద్దక్క తమ్ముడిని చూసింది. ఇన్నేళ్లకి ముఖంలోకి చూసింది. ముసలివాడైపోయాడు.

"పదహారేళ్ల పిల్లాడక్కా" అన్నాడతను. "తల్లి కాలు విరగ్గొట్టినవాడని సందంతా అంటుంటే బతుకుతాడా? నన్నైతే ఎలాగూ తిడుతున్నావు. ఇంకొకటి కలిస్తే బరువేముంది అనుకున్నాను."

"బయటికి పంపించు పిల్లా వీణ్ని!" అని పెద్దక్క కేక పెట్టింది. "గోడకి ఇస్తాను! గోడకే ఇస్తాను!"

"నేను వెళ్లను" అన్నాడు కొడుకు. "గోడకి ఇచ్చి ఇంటికి వెళ్తాం. రేపు పొద్దున మళ్లీ నీ చెప్పులు తొడుగుతూ కూర్చుంటాను. ఎల్లుండీ అంతే. ఇరవై రెండేళ్లు తొడిగానమ్మా. ఇది నాది. నాకిచ్చెయ్."

తమ్ముడు అతని చొక్కా పట్టి లాగాడు, చొక్కా చిరిగింది, మనిషి కదల్లేదు. చెంప మీద కొట్టాడు, పెదవి చిట్లింది, కదల్లేదు. మేనమామ ఏడుస్తూ కొడుతున్నాడు, అల్లుడు స్టూలు అంచు పట్టుకుని తింటున్నాడు.

"ఎనభై తొమ్మిది" అంది ఫిజియో పిల్ల. ఆమె మణికట్ల మీద నరాలు తాళ్లలా తేలాయి. "నేను వంచట్లేదు పెద్దమ్మా. అదే వస్తోంది. ఆపలేకపోతున్నాను."

అప్పుడు పెద్దక్కకి చీకటి గుర్తొచ్చింది. సగం జారిన షట్టరు. పిడికిట్లో తమ్ముడి జుట్టు. నోట్లో రక్తం ఉప్పగా. ఆ చీకట్లో ఒక గొంతు అరుస్తోంది. ఇన్నేళ్లూ ఆ గొడవని రోజూ తలుచుకుంది, ఆ గొంతుని మాత్రం ఒక్కరోజూ వినలేదు. కొట్టరా! చూస్తావేంరా, కడ్డీ తీసుకుని కొట్టు! చంపెయ్ వాణ్ని!

ఆ గొంతు తనది.

తమ్ముడి వైపు చూసింది. అతను కళ్లు దించుకున్నాడు. అతనికీ వినపడింది ఆ రోజు. అదీ చెప్పలేదు.

పాదం మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. వేలు కొడుకు మీద నుంచి కొంచెం జరిగి, మళ్లీ అతని మీదికి వచ్చి, ఊగిసలాడింది.

"కొట్టినవాళ్లొకరు, కొట్టించినవాళ్లొకరు అయితే ఇలా ఊగుతుంది" అంది ఫిజియో పిల్ల పళ్ల బిగువున. "ఎవరు నాదంటే వాళ్లకి పోతుంది. తొందరగా."

"నాది" అన్నాడు కొడుకు.

"నోర్మూయ్" అంది పెద్దక్క. "నువ్వు పదహారేళ్లవాడివి. కొట్టమన్నదెవరు? తల్లి చెబితే చేశావు. కొట్టమన్నది నేను, చంపమన్నది నేను." మోకాలి వైపు వంగి, బేరం తెగ్గొట్టే గొంతుతో అంది: "నాది. విన్నావా? నాది."

చీలమండ కటకటమంది. పాదం కొడుకు మీద నుంచి తిరిగింది, గుమ్మం మీదుగా తిరిగింది, తమ్ముడిని దాటి, ఏ పాదమూ తిరగనంత లోపలికి తిరిగి, పక్కనే చాపి ఉన్న ఎడమ మోకాలి వైపు చూసింది. ఇన్నేళ్లూ ఆమెని మోసిన కాలు అది. పెద్దక్క దాన్ని తప్పించలేదు. పైగా తొడ పట్టుకుని నిలకడగా అదిమి పెట్టింది.

తొంభై.

చప్పుడు మూడు గదుల అవతలికి వినపడింది. మంచం కాళ్లు నాలుగూ నేలలోకి దిగిపోయాయి. కిటికీలో అద్దాలు ముందే తీసి ఉన్నాయి కాబట్టి చట్రాలే ఊడి బయట పడ్డాయి. ఎడమ మోకాలి చిప్ప మూడు ముక్కలైంది, కింది ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది, రక్తం డ్రిల్లు మాస్టారి బట్టతల మీద పడింది. పెద్దక్క అరవలేదు. పైపెదవి కొరికి, కొరికిన ముక్క ఉమ్మేసింది. కుడి కాలు మాత్రం పక్కన హాయిగా ముడుచుకుని పడి ఉంది, మడమ తొడకి తాకుతూ, పసిపిల్ల కాలిలా.

ఫిజియో పిల్ల ముందు రక్తానికి గుడ్డ అదిమి కట్టింది. తర్వాత కోణం స్కేలు తీసి కొలిచి, "కుడిది నూట ముప్పై" అని చీటీలో రాసింది.

ఎడమ కాలికి రెండు ఆపరేషన్లు జరిగాయి. చువ్వలు వేశారు. తొడ నుంచి మడమ దాకా సిమెంటు పట్టీ. డాక్టరు పన్నెండు వారాలు కదలొద్దన్నాడు, తర్వాత ఏడాది పాటు చక్రాల కుర్చీ అన్నాడు. ఈసారి పెద్దక్క డాక్టరుని తిట్టలేదు.

తిట్లన్నీ తమ్ముడికి దాచింది. అతను రోజూ పొద్దునే ముందు ఆమె దుకాణం తెరిచి, మొద్దు కడిగి, తర్వాత తనది తెరుచుకుని, పదింటికి ఆమె మంచం దగ్గరికి వచ్చేవాడు. "ఇరవై రెండేళ్లు నన్ను వెర్రిదాన్ని చేశావు కదరా. నీ ముఖాన ఉమ్మించుకుంటూ నిలబడ్డావా? నోరు లేదా నీకు? ఇది నేను మర్చిపోతాననుకోకు" అనేది. కొత్త పగ అది, ఆమె దాన్ని శ్రద్ధగా పెంచింది. అతను తల ఊపుతూ ఆమె వీపు వెనక దిండు సర్దేవాడు. "రెండు వేట్లు పడుతున్నాయట నా దుకాణంలో, వింటున్నాను" అనేది. "పడుతున్నాయక్కా" అనేవాడు.

కొడుకు మంచం పక్కనే నేల మీద పడుకునేవాడు. మూడో వారంలో ఒక పొద్దున పెద్దక్క అతన్ని లేపింది.

"ఆ శీతలపెట్టెల లారీవాళ్లు నిన్ను మూడుసార్లు పిలిచారు కదా, దూరాలు తోలే పనికి. నాలుగోసారి పిలిచారా?"

"పిలిచారు. రానన్నాను. నిన్ను ఇలా వదిలి ఎలా వెళ్తాను?"

"నన్ను మోయడానికి మీ మావయ్య ఉన్నాడు. వాడికి ఇంకా చాలా శిక్ష మిగిలి ఉంది. నీకేం లేదు."

"అమ్మా, ఆ రోజు నేనే కదా..."

"ఏ రోజు?" అంది పెద్దక్క. కుడి కాలి మీది దుప్పటి తీసి, మోకాలు పూర్తిగా వంచి, పూర్తిగా చాపి చూపించింది. ఎక్కడా చప్పుడు లేదు. "చెయ్యి పెట్టి వెతుక్కో. ఇందులో నువ్వు లేవు. ఇంకెక్కడా లేవు. వెళ్లి ఆ పని ఒప్పుకో. ఆలస్యంగా వెళ్తే ఇంకొకణ్ని పెట్టుకుంటారు."

అతను తల్లి మోకాలి మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తర్వాత లేచి ముఖం కడుక్కున్నాడు, చొక్కా మార్చుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు, తనవే. వెళ్లొస్తానమ్మా అన్నాడు. పెద్దక్క తలుపు వైపు చూడకుండా గోడ వైపు తిరిగి పడుకుంది, వినడానికి.

పదహారేళ్లప్పటి నుంచీ అతను కుంటితల్లి పక్కన, ఆమె అడుగుకి తన అడుగు ఆపుకుంటూ నడిచినవాడు. మొదటి నాలుగు మెట్లూ అలాగే దిగాడు, ఒకటి, ఆగి, ఒకటి. ఐదో మెట్టు దగ్గర ఆగలేదు. మిగతావి దడదడా దిగిపోయాడు. సందు మలుపు దాకా ఆ అడుగులు వినపడ్డాయి. తన కొడుకు అంత వేగంగా నడవగలడని పెద్దక్కకి అప్పటిదాకా తెలియదు.